పాట ఎదుగుట మానినదా?



ఈ నడుమ నలుగురు కూడినచోట పాటల ప్రసక్తి వచ్చినచో, వారిలో నడివయస్సు దాటినవారొక్కరైనను ఉన్నయెడల, ఒక ఆక్షేపణ తప్పక వినవచ్చుచున్నది. పాటలలో ఇంక కొత్తదనము పుట్టుట లేదనియు, ఒకప్పుడు నాటకపు పద్యము వెనుక లలితగీతము, లలితగీతము వెనుక సినిమా పాట, ఆ సినిమా పాటలో మరల ఒక్కొక్క సంగీతదర్శకునితో ఒక్కొక్క యుగము వచ్చెడిదనియు, ఇప్పుడన్ననో పదేండ్ల క్రిందటి పాటను నిన్న విడుదలయైనదని చెప్పి వినిపించినను పసికట్టగలవారు లేరనియు ఆ ఆక్షేపణ సారాంశము. చెప్పువారి కంఠములో విచారముతోపాటు రవ్వంత గర్వము కూడ ధ్వనించుచుండును. తమ యౌవనముతోనే సంగీతమునకును యౌవనము ముగిసినదన్న తృప్తి అది. ఐనను దీనిని పెద్దల సణుగుడని త్రోసిపుచ్చుటకు వీలులేదు. ఏలయన, ఇదే ప్రశ్నను శాస్త్రజ్ఞులును చేపట్టియున్నారు.

2012వ సంవత్సరమున బార్సిలోనా నగరపు పరిశోధకులు, 1955 మొదలు 2010 వరకు వెలువడిన పాశ్చాత్య జనరంజక గీతములను నాలుగు లక్షలకు పైగా కంప్యూటరుచే గణింపజేసి, స్వరము నుండి స్వరమునకు సాగు నడకలలో వైవిధ్యము సన్నగిల్లినదనియు, వాద్యధ్వనుల ఛాయలు ఒక్క తీరుకు వచ్చుచున్నవనియు, బిగ్గరతనము మాత్రము పెరుగుచు వచ్చినదనియు నిర్ణయించిరి. మూడేండ్లు తిరిగిన పిమ్మట లండనులోని మరికొందరు, 1960కిని 2010కిని నడుమ అమెరికాలో మిక్కిలి ప్రచారము పొందిన పాటలను ఇంచుమించు పదునేడు వేలు పరీక్షించి, సంగీతమంతయు ఏకరూపమగుచున్నదనుటకు తమకు ఆధారము కనబడలేదనియు, పైగా 1964, 1983, 1991 ప్రాంతములందు మూడు విప్లవములు గోచరించినవనియు ప్రకటించిరి. ఉభయులును లెక్కలు కట్టినవారే, ఉభయులును యంత్రమును నమ్మినవారే. తేలిన ఫలితములు మాత్రము తూర్పు పడమరలు. కావున ఈ వివాదమును లెక్కలకు వదలిపెట్టక, పాట ఎట్లు మారునో, ఎవరి చేత మారునో, ఏ పరిస్థితులలో మారక నిలిచిపోవునో విచారింపవలసియున్నది. ఆ విచారణకు ఈ పుదుచ్చేరి పట్టణము కంటె అనువైన తావు వెదుకనక్కరలేదు.

1908లో ఆంగ్లేయుల నిర్బంధమును తప్పించుకొని, ఫ్రెంచివారి యేలుబడిలో నున్న ఈ పట్టణమునకు వచ్చి, 1918 వరకు ఇచ్చటనే కాలము గడపిన మహాకవి సుబ్రహ్మణ్య భారతి సంగీతమును గూర్చి వ్రాసిన వ్యాసమొకటి కలదు. ఏ జిల్లాకు పోయినను, ఏ గ్రామమునకు పోయినను, ఏ విద్వాంసుడు వచ్చి కూర్చున్నను అవే ఏడెనిమిది కీర్తనలనియు, వానినే మరల మరల విని సహించుచున్న తన జాతివారివి ఇనుప చెవులై యుండవలెననియు ఆయన అందులో మొరపెట్టెను. ఆయన విసుగుతో పేర్కొన్న ఆ కీర్తనలలో పెక్కు మన తెలుగు కీర్తనలే; అర్థము తెలియని భాషలో పాడుట, అర్థము తెలియకయే తల యూచుట ఆయనకు దుస్సహములైనవి. నాటికి సినిమా పాట పుట్టలేదు, రేడియో రాలేదు, అవి పాటను చెరచినవనుటకు సాకు లేదు. ఐనను సంగీతము ఆగిపోయినదన్న ఫిర్యాదు మాత్రము సిద్ధముగా నున్నది. నేటి మన ఆక్షేపణకు ఇంత వయస్సున్నదని తెలిసినప్పుడు, మన తొందరను కొంత తగ్గించుకొనుట మంచిది.

భారతి ఆక్షేపించి ఊరకుండినవాడు కాడు. 1912లో మొదటి భాగము వెలువడిన ‘పాంచాలీ శపథము’ను పండితులకు ప్రీతిపాత్రములైన వృత్తములలో గాక, జనులు వీధులలో పాడుకొను చిందుల నడకలో నడపెను. ‘కుయిల్ పాట్టు’ అను కావ్యమునందు, ఈ ఊరికి పడమట నున్న మామిడితోపులోని కోకిలచే తన మనస్సు దోచిన గానములను చెప్పించుచు, ఏతమెత్తువారి పాటను, వడ్లు దంచు పడతుల పాటను, సున్నము దంచువారి పాటను, కుమ్మి కొట్టు కన్నెల పాటను పేరు పేరున స్మరించెను. సభామండపమునందు కదలక కూర్చున్న సంగీతమును కదలించు శక్తి ఏతపు మెట్లమీద నున్నదని ఆ కవి గ్రహించెను. మన తెలుగున ఈ గ్రహింపు అంతకు ఆరు శతాబ్దములకు పైగా పూర్వమే పాల్కురికి సోమనాథునకు కలిగినది. ‘పండితారాధ్య చరిత్ర’లో ఆయన తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, ఆనంద పదములు, నివాళి పదములు, వాలేశు పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు అని తన నాటి జానపద ప్రక్రియల జాబితా నొకదానిని కూర్చి పోయినాడు. అందులో గొబ్బి పదములు నేటికిని సంక్రాంతి ముంగిళ్ళలో వినబడుచున్నవి. వాలేశు పదముల వంటివి గ్రంథమునందలి పేర్లుగా మిగిలినవి. పాట పుట్టుట ఎంత సహజమో గిట్టుటయు అంత సహజము. పాతది తొలగినచోటనే కొత్తది మొలచుటకు చోటు దొరకెడిది. ఈ సంగతిని మనస్సునందుంచుకొనుడు. మరల దీనితో పని కలదు.

ఈ పట్టణమే చెప్పు మరియొక సాక్ష్యము కలదు. రంగ పిళ్ళై వీధిలో నేటికిని నిలిచియున్న మేడ, 1709 మొదలు 1761 వరకు జీవించి, ఫ్రెంచి గవర్నరు దూప్లే దొరకు దుబాసీగా చక్రము తిప్పిన ఆనందరంగ పిళ్ళైది. ఆయన వ్రాసికొన్న దినచర్య గ్రంథము చరిత్రకారులందరికిని ఎరుకయే. ఆయన ఆశ్రయమున కస్తూరి రంగకవి రచించి అంకితమిచ్చిన ‘ఆనందరంగరాట్ఛందము’ అను తెలుగు లక్షణగ్రంథము మాత్రము ఇప్పటి పుదుచ్చేరిలో పెక్కుమందికి తెలియదు. ఫ్రెంచి ఫిరంగులు మ్రోగుచున్న రేవుపట్టణములో, తమిళుల నడుమ, తెలుగు పద్యమునకు లక్షణము చెప్పబడుట ముచ్చట గొలుపు విషయమే. ఐనను మన ప్రస్తుతమునకు కావలసినది వేరు. లక్ష్యము ముందు పుట్టును, లక్షణము వెనుక నడచును. ఒక ప్రక్రియకు నియమములు వ్రాయుటకు పండితుడు గంటము పట్టినాడనగా, అది అప్పటికే పెరిగి పెద్దదై కుదుటపడినదన్నమాట. మనము ఆగిపోయినదని చింతించుచున్నది సాధారణముగ ఇట్లు కుదుటపడిన ప్రక్రియను గూర్చియే. దాని ప్రక్కనే, ఎవరును లక్షణము వ్రాయుటకు పూనుకొనని వేరొక పాట, ఏ పొలములోనో, ఏ ఆటోస్టాండులోనో కాళ్ళు చేతులు ఆడించుచునే యుండును.

ఇక పాట మారు తీరును దగ్గరగా చూతము. త్యాగరాజస్వామి కీర్తన యనగానే చెక్కుచెదరని శిల్పమని తలంతుము. కాని ఆయన 1847లో సిద్ధి పొందిన పిమ్మట వాలాజాపేట, ఉమయాళ్పురము, తిల్లస్థానము అను మూడు శిష్యపరంపరలు ఆ కీర్తనలను కాపాడుకొని వచ్చినవి. ఒక్క ఆవకాయయే ఇంటింట ఒక్కొక్క పాళ్ళలో కలిసినట్లు, ఒక్క కీర్తనయే పరంపర పరంపరకు వేరు వేరు సంగతులతో వినవచ్చుచున్నది. పల్లవిని మొదట సాదాగా పలికి, రెండవమారు ఒక వంపును, మూడవమారు ఇంకొక మలుపును చేర్చుచు పోవు ఆ సంగతులలో స్వామివారివి కొన్ని, శిష్యులవి కొన్ని, ప్రశిష్యులవి కొన్ని. శిష్యుడు గురుద్రోహము చేసితినని అనుకొనలేదు. కీర్తన తన నోట మెలగుచున్నదని మాత్రమే అనుకొనెను.

నాటకరంగమున ఇది మరింత స్పష్టము. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి ‘హరిశ్చంద్ర’లోని కాటిసీను చూడనివారైనను వినియుందురు. ఆ సీనులో జనము ఎదురుచూచు పద్యములు నాటకకర్త వ్రాసినవి కావు, గుఱ్ఱము జాషువాగారి ‘శ్మశానవాటి’ లోనివి. నటులు తమంత తాము తెచ్చి చేర్చుకొన్నవి. హార్మోనియము శ్రుతి నందుకొనగా నటుడు పద్యమునెత్తి, మూడు పాదములను మాటవలె నడపి, నాలుగవ పాదము చివర ఊపిరి బిగించి, రాగమును మెట్టు మెట్టుగా పైకెక్కించి అచ్చట నిలిపెడివాడు. తెరవైపు నుండి హార్మోనిస్టు అంతకంటె ఒక మెట్టు పైకి పోయి అతనిని రెచ్చగొట్టెడివాడు. నేలమీద కూర్చున్న జనము ‘వన్స్‌మోర్’ అని కేక వేసినచో, చచ్చి పడియున్న పాత్రయైనను లేచి మరల పాడక తప్పదు. ఆ రెండవ పాట మొదటి పాట వలె నుండెడిది కాదు. అట్లున్నచో జనము ఒప్పుకొనెడివారు కారు. ఎదుట నున్న శ్రోత అడుగును, పాడువాడు మార్చును, మార్చినది నచ్చినచో మరునాడు వేరొక ఊరిలో వేరొక నటుడు దానిని దొంగిలించి ఇంకొకింత మార్చును. ప్రక్రియ పరిణమించుట యనగా ఇదియే; దీనికి మించిన రహస్యమేదియు లేదు. జంగము కథ బుర్రకథయై, 1940ల దశాబ్దమున షేక్ నాజరు గొంతున అల్లూరి సీతారామరాజు కథయై, ప్రభుత్వములకు కంటగింపైనది కూడ ఈ త్రోవనే.

మరి యంత్రము వచ్చి దీనిని పాడుచేసినదా? అంత సులువుగా తీర్పు చెప్పుటకు లేదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పది అంగుళముల గ్రామఫోను రికార్డు ఒక్క ప్రక్క మూడు నిమిషములకు కొంచెము అటునిటుగా మాత్రమే పట్టును. ఆ ఇరుకులో నాటకపు రాగాలాపన ఇముడదు. ఇమడనందువలననే, సాగదీతను విడిచి, మాటకు ప్రాణము పోసి, భావమునకు తగినంత రాగమును మాత్రమే పెట్టు కొత్త పద్యపఠనము ఏర్పడినది. కరుణశ్రీగారి ‘పుష్పవిలాపము’ను ఘంటసాల పాడిన రికార్డు అందులకు నిదర్శనము. ఆకాశవాణి 1940 మార్చి 1వ తేదీ నుండి హార్మోనియమును నిషేధించి, 1971 వరకు దానిని తలుపు వెలుపలనే నిలిపినది. ఆ కఠోర నియమము నాటకపు పద్యమునకు కష్టము కలిగించిన మాట నిజమే. కాని వీణను, వేణువును, వయొలినును ఆశ్రయించి, మెల్లగా చెవిలో చెప్పినట్లు పాడు లలితగీతము ఆ స్టూడియోలలోనే పెరిగినది. మద్రాసు కేంద్రమున బాలాంత్రపు రజనీకాంతరావు, రికార్డులలో రావు బాలసరస్వతీదేవి, కలకత్తాలో కొంతకాలముండి వంగదేశపు సౌకుమార్యమును పుడికి పుచ్చుకొని వచ్చిన సాలూరు రాజేశ్వరరావు, ఈ ప్రక్రియకు పోషకులైరి. ఆ రాజేశ్వరరావే దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి సాహిత్యముతో 1951లో ‘మల్లీశ్వరి’ని అందించి, రేడియో పాటకును సినిమా పాటకును నడుమ గోడను కూల్చెను. మరుసటి సంవత్సరమే కేంద్రమంత్రి కేస్కరు దొర సినిమా పాటలను ఆకాశవాణి గడప తొక్కనీయక పోగా, శ్రోతలు రేడియో సిలోనుకు మరలిరి. తుదకు 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతి పుట్టి వారిని వెనుకకు పిలువవలసివచ్చినది. కావున యంత్రము హద్దు గీసినచో ఆ హద్దులోనే కొత్త రూపము పుట్టుననియు, అధికారము హద్దు గీసినచో జనము ప్రక్కత్రోవ పట్టుదురనియు చరిత్ర చెప్పుచున్నది.

అట్లైనచో నేడు లోపించినదేమి? నా అభిప్రాయమున రెండు సంగతులు జరిగినవి. మొదటిది, పాట చచ్చుట మానినది. సోమనాథుని నాటి పదములు నోటినుండి జారిన వెంటనే గాలిలో కలిసెడివి. నేటి పాట ఎన్నటికిని పోదు. అరచేతిలోని సెల్‌ఫోనులో ఘంటసాలయు, బాలసుబ్రహ్మణ్యమును, ఇళయరాజాయు, 1992 నాటి ‘రోజా’తో వచ్చిన రహమానును, నిన్న సాయంత్రము పుట్టిన పాటయు ఒకే పంక్తిని కూర్చుండియున్నారు. కొత్తగా వచ్చిన పాట తన తోడి పాటలతో మాత్రమే గాక, తొంబది యేండ్ల పాటలన్నిటితోను ఒక్కసారిగా పోటీ పడవలసియున్నది. ఇన్నిటి నడుమ అది చిన్నదిగా కనబడినచో దాని దోషము కాదు.

రెండవది ఇంతకంటె ముఖ్యమైనది: పాట మారవలసిన చోటు నోరు గదా, ఆ నోరు మూతపడినది. టెలివిజను పోటీలలో పదేండ్ల పిల్ల ఎంత శ్రుతిశుద్ధముగ పాడుచున్నదో చూచి మనమందరము మురియుచున్నాము. కాని న్యాయనిర్ణేత ఆ పిల్లకు చెప్పునది ఏమి? మూలములో ఆ గమకము అట్లు లేదమ్మా, అచ్చట ఊపిరి తీసికొనరాదమ్మా అని. గాయకుడు ఆనాడు స్టూడియోలో అలసటచే విడిచిన నిట్టూర్పు కూడ నేడు శాస్త్రమై కూర్చున్నది. త్యాగరాజస్వామి శిష్యులకు లభించిన స్వేచ్ఛ ఈ పిల్లకు లభింపలేదు. పెండ్లింట అలుకపాటయు, అప్పగింతపాటయు, వియ్యంకులను ఏడిపించు పాటయు ముత్తైదువలు అప్పటికప్పుడు వరుని పేరు, ఊరి పేరు చొప్పించి పాడెడివారు. నేడు అదే ముహూర్తమునకు స్పీకరు పాడుచున్నది, ముత్తైదువలు ఫోటోకు నిలబడుచున్నారు. పాట ఆగలేదు, పాటను చేతిలోనికి తీసికొనువారు తగ్గిరి.

చేతిలోనికి తీసికొన్నచోట ఇప్పటికిని అద్భుతములు జరుగుచున్నవి. 1973లో న్యూయార్కు నగరపు బ్రాంక్స్ పేటలో బీదలైన నల్లజాతి యువకులు, ఇతరులు పాడిన రికార్డులనే రెండు యంత్రములపై పెట్టి, నచ్చిన తాళఖండమును ముందుకు వెనుకకు త్రిప్పుచు, పైన తమ మాటలు చేర్చి హిప్-హాప్ అను ప్రక్రియకు ప్రాణము పోసిరి. వినుటకని చేసిన యంత్రమును వారు వాయించిరి. మన దేశమున 1972లో పుట్టిన జననాట్యమండలి ద్వారా గద్దరు, ఉత్తరాంధ్రమున వంగపండు, పల్లె బాణీలనే పట్టుకొని వానిలో కొత్త నిప్పు పోసిరి. తెలంగాణమున ఏటేట బతుకమ్మ చుట్టు తిరుగు స్త్రీలు పాత చప్పట్ల లయకు కొత్త కష్టసుఖములను కట్టుచునే యున్నారు. 2023 మార్చిలో కీరవాణి, చంద్రబోసులకు ఆస్కారు బహుమానము తెచ్చిన ‘నాటు నాటు’ పాట ఆరు దెబ్బల నడకలో నున్నది. డప్పుపై మన పల్లెలు ఎరిగిన నడక అది. ప్రపంచము దానిని కొత్తదని మెచ్చుకొన్నది. కొత్తది అంతవరకు ప్రపంచము చెవినబడని పాతదే యని మనకు తెలియును.

ఇంత దూరము పోనేల, మాసి మగము పండుగనాడు ఇచ్చటి వైత్తికుప్పము సముద్రతీరమునకు పొండు. ఊరూర నుండి స్వాములు తీర్థమునకు వేంచేయునప్పుడు, నాదస్వర విద్వాంసుడు త్యాగరాజ కీర్తనము నొకదానిని ముగించి, చుట్టు చేరిన కుర్రవారి కోరికపై సినిమా పాట నొకదాని నెత్తుకొనును. ఎత్తుకొని, దానిని ఉన్నదున్నట్లు వాయింపడు. రాగచ్ఛాయను పట్టుకొని, మూలములో లేని బిరుకాలు గుప్పించి, తవిలు వాయించువాని మీదికి పందెమునకు పోయినట్లు విసరును. అతనికి న్యాయనిర్ణేత లేడు. ఇసుకలో నిలబడిన జనము ముఖములే అతనికి కొలబద్ద. మన ప్రశ్నకు నేను చెప్పదలచిన సమాధానము ఆ మేళములో నున్నది.

కావున జనరంజక సంగీత ప్రక్రియలు ఎదుగుట మానినవన్న వాదమును నేను అంగీకరింపను. అవి మునుపటి వేగముతోనే సర్వత్ర ఎదుగుచున్నవన్న వాదమును కూడ అంగీకరింపను. వినువారి యొద్ద పాట నిలిచిపోవును, పాడువారి యొద్ద మారును. వినువారి సంఖ్య వేయింతలై, పాడువారి సంఖ్య వేళ్ళమీదికి వచ్చుటయే నేటి చిక్కు. ఈ చిక్కును సంగీతదర్శకులు విప్పజాలరు, పరిశోధకుల లెక్కలును విప్పజాలవు. గృహస్థులమైన మనమే విప్పవలెను. ఈ తడవ మీ ఇంట శుభకార్యము జరిగినప్పుడు స్పీకరును ఒక గంటసేపు ఆపించుడు. అవ్వలను అడిగి ఒక పాట పాడించుడు. పిల్లలు దానిలో తమ మాటలు చొప్పించినచో, తప్పు పాడినారని దిద్దకుడు.